ఇంకొకరి నోటుబుక్కు

ముప్ఫై ఒక్కేళ్ళుగా ఒక సందేహం నా వెంటే తిరుగుతోంది. పైనున్న పెద్దలు చెడిపోయి దేశాన్ని చెడగొట్టారా, లేక ఇళ్ళలో మేమే ముందు కొంచెం కొంచెంగా జారిపోయి, మాకు తగినవాళ్ళను ఏరుకుని పైన కూర్చోబెట్టామా అని. పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు కళ్ళు మూసుకుంటానా, అది కూడా వచ్చి పక్కన కూర్చుంటుంది. సమాధానం మాత్రం దొరకదు. బస్సు టైమవుతుంది. లేచి చొక్కా వేసుకుంటాను.

నా ఉద్యోగం అటువంటిది మరి. శాసనసభలో అధ్యక్షుడి పీఠం కిందే మా బల్ల. సభ్యులు మాట్లాడే ప్రతి మాటనూ షార్ట్‌హ్యాండులో రాసుకుని, మేడ మీది గదికి వెళ్ళి టైపు చేసి, సంతకం పెట్టి ఇవ్వడం మా పని. రిపోర్టర్లలో ఒక్కొక్కరికి పదేసి నిమిషాల వంతు. ఆ పది నిమిషాలూ తల ఎత్తడానికి ఉండదు. అందుకే ఇన్నేళ్ళలో నేను నాయకుల మొహాలకంటే చెప్పులే ఎక్కువ చూశాను. గొంతును బట్టి మనిషిని చెప్పగలను. నేను చేరిన కొత్తలో అధ్యక్షుడు లేచి నిలబడితే సభంతా కూర్చునేది. నోరు జారిన మనిషి తనంతట తానే లేచి మాట వెనక్కి తీసుకునేవాడు. ఇప్పుడు వెనక్కి తీసుకోమంటే దానికి ఇంకోటి కలిపి అంటారు. అవన్నీ నేను రాయాలి. తీసేయమని పీఠం చెబితే మళ్ళీ నేనే కొట్టేయాలి. కొన్ని రోజులు ఇంటికి వెళ్ళగానే చేతులు రెండుసార్లు కడుక్కుంటాను. మా ఆవిడ చూసి, "ఇవాళ ఎవరు మాట్లాడారేంటి" అని అడుగుతుంది.

ఇక పోయిన భాగంలో కథ ఎక్కడ ఆగిందో చెప్పాలి. సోమవారం సభలో, ప్రభుత్వాన్ని నడిపే పెద్దాయన లేచి ఒక మాట ఇచ్చాడు. "బడికి దగ్గర్లో ఉన్న పందేల దుకాణం ఏదీ ఈ నెలాఖరు తరువాత తెరిచి ఉండదు. ఉంటే ఈ కుర్చీలో నేనుండను." రాసింది నేనే. నా వంతులో ఆరో నిమిషం. ఆయన మాట పూర్తికాకముందే సభంతా బల్లలు చరిచింది. టీవీలో చూసినవాళ్ళకు ఆ చప్పుడే తప్ప మాట వినిపించలేదు. మా చెల్లెలికి ఒక బడి గేటు ఎదురుగా పెన్నులూ పుస్తకాలూ అమ్మే చిన్న షాపుంది. పక్క వాటానే పందేల దుకాణం. తనూ ఇంకో అయిదుగురు తల్లులూ కలిసి కోర్టుకు వెళ్ళారు. సభలో ప్రభుత్వం ఏమన్నదో సంతకంతో సహా కాగితం తెమ్మని జడ్జి గారు అడిగారు. శుక్రవారం పొద్దున విచారణ.

మా పద్ధతి ప్రకారం టైపు చేసిన ప్రసంగం సభ్యుడికి ఒకసారి చూపిస్తాం. అంకెలూ పేర్లూ సరిదిద్దవచ్చు, విషయం మార్చకూడదు. బుధవారం పెద్దాయన దగ్గర్నుంచి ప్రతి తిరిగి వచ్చింది. "తెరిచి ఉండదు" అన్నచోట ఆకుపచ్చ సిరాతో "తెరిచి ఉండకుండా చూసే విషయం ఆలోచిస్తాం" అని ఉంది. కుర్చీ సంగతి చెప్పిన వాక్యం మొత్తం కొట్టేసి ఉంది. నేను సంతకం పెట్టకుండా వెనక్కి పంపాను. 

అది బుధవారం. ఇది గురువారం, మధ్యాహ్నం రెండు దాటింది.

సభకు భోజన విరామం. రిపోర్టర్ల గదిలో నేనూ, నిదానమూ ఉన్నాం. నిదానం అసలు పేరు కాదు, ఆఫీసు పెట్టిన పేరు. మేమిద్దరం ఒకే రోజు చేరాం. ఇప్పుడు నేను చీఫ్‌ని, అతను నా తరువాతివాడు. ఫోను మోగింది. చెల్లెలు.

"అన్నయ్యా, నాలుగింటికల్లా గేటు దగ్గర ఉంటాను. కాగితం తెచ్చిస్తావుగా?"

"చూస్తానమ్మా."

"చూడ్డమేంటి. రాసింది నువ్వేగా. లాయరు గారు ఒకటే మాటన్నారు, సంతకం ఉంటే కేసు, లేకపోతే కబుర్లు అని." గొంతు తగ్గించింది. "పొద్దున తొమ్మిదో క్లాసు పిల్ల ఒకతి వచ్చింది. నిన్న నా దగ్గరే కొన్న జామెట్రీ బాక్సు తిరిగిచ్చేసి డబ్బులిమ్మంది. ఎందుకే అంటే నవ్వింది. ఇచ్చాను. నా కళ్ళముందే ఆ పక్క అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోయింది. జడలకి రిబ్బన్లున్నాయి అన్నయ్యా."

ఫోను పెట్టేశాను. నిదానం కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"నువ్వు చూస్తానన్నావంటే వినేవాళ్ళకి లేదనే వినిపిస్తుందయ్యా. మీ చెల్లెలు కాబట్టి తిట్టలేదు."

"పెద్దాయన సంగతి నీకు తెలుసుగా."

"తెలుసు. నువ్వు ఓటేసి సిగ్గుపడని ఒకే ఒక్క మనిషి. ఎన్నిసార్లు చెప్పావో లెక్కలేదు." లేచి నిలబడ్డాడు. "టీ తాగొస్తా. నీకు పంచదార లేకుండానా, బాధ ఉన్న రోజు కాబట్టి ఉండొచ్చా?"

"ఉండొచ్చు," అన్నాను.

అతను మెట్లు దిగిన అయిదు నిమిషాలకు తలుపు తెరుచుకుంది. ముందు సభ కార్యదర్శి, వెనకే పెద్దాయన. ఆ గదిలోకి ఇన్నేళ్ళలో అంతటి మనిషి మెట్లెక్కి రావడం నేను చూడలేదు. లేచి నిలబడ్డాను. ఆయన కార్యదర్శిని వరండాలోనే ఉండమని, తలుపు దగ్గరగా వేసి, నిదానం కుర్చీలో కూర్చున్నాడు.

"కూర్చో తమ్ముడూ. నీ గదిలో నేను నిన్ను నిలబెడితే బావుండదు."

కూర్చున్నాను. ఆయన మనిషి సాదాగా ఉంటాడు. తాగడు, పందెం కాయడు, డ్రైవరునైనా మీరు అనే పిలుస్తాడు. నన్ను మాత్రం మొదటినుంచీ తమ్ముడూ అంటాడు. ఆ పిలుపుకు నేను ఎన్నిసార్లు పొంగిపోయానో దేవుడికే తెలుసు.

"సోమవారం నేను అన్నది మనసారా అన్నాను. అది నీకు తెలిసిందా?"

"తెలిసింది సార్. గొంతు తెలుస్తుంది."

"మంగళవారం పొద్దున పదకొండు మంది సభ్యులు మా ఇంటికొచ్చారు. అందులో నలుగురి బావమరుదులకి ఆ దుకాణాలున్నాయి. మిగతా ఏడుగురికి బావమరుదులు లేరు, అందుకని సొంతంగానే ఉన్నాయి." నవ్వలేదు ఆయన. "ఆ వాక్యం ఉంటే వాళ్ళు ఉండరు. వాళ్ళు పోతే నేను ఉండను. నేను దిగితే ఆ కుర్చీ ఎక్కేది ఎవరో నీకూ తెలుసు. ఆ మహానుభావుడు వస్తే దుకాణాన్ని బడి గోడ లోపలికే తెస్తాడు. ఇప్పుడు చెప్పు. ఒక్క వాక్యం నిలబెట్టి అన్నీ పోగొట్టుకోమంటావా?"

ఆయన అన్నది అబద్ధం కాదు. అదే నా బాధ. అబద్ధమైతే నాకు తేలికగా ఉండేది.

"రాజకీయం నాకు తెలీదు సార్. రాయడమే తెలుసు," అన్నాను.

"చదవలేకపోవడం కూడా తెలుసు కదా."

ఆ మాట ఆయన మెల్లగానే అన్నాడు. నా చేతిలోని పెన్సిలు బల్ల మీద పడి దొర్లుకుంటూ అంచుదాకా పోయింది. దాన్ని పట్టుకోవాలని కూడా తోచలేదు.

ఇంతవరకు ఈ కథలో ఎక్కడా చెప్పనిది ఇప్పుడు చెప్పాలి. మా ఆవిడకు కూడా చెప్పలేదు.

ఇరవై రెండేళ్ళ కిందట ఒక మిల్లు కార్మికులకు మూడు నెలల జీతాలు ఆగిపోయాయి. దాని మీద చర్చ. అప్పటికి పెద్దాయన ఇంకా పెద్దాయన కాలేదు, నీతి గురించి గట్టిగా మాట్లాడే కొత్త సభ్యుడు. లాటరీలు ఆపించింది ఆయనే. ఇన్నాళ్ళకు ఒక మగాడు వచ్చాడని మా నాన్న రేడియో ముందు కూర్చుని మురిసిపోయేవాడు. ఆ రోజు ఎవరో ఎగతాళి చేస్తే ఆయనకు కోపం వచ్చింది. "ఆకలి అలవాటున్నవాళ్ళకి ఇంకో నెల పెద్ద లెక్క కాదు," అన్నాడు. అప్పుడు వంతు నిదానానిది. ఉన్నదున్నట్టు రాశాడు, టైపు చేశాడు. మర్నాడు ఆయన లేచి, నేనలా అనలేదు, రిపోర్టరు తప్పు రాశాడన్నాడు.

అలా ఎవరైనా అంటే మాకో నియమం ఉంది. రాసినవాడి నోటుబుక్కు రాసినవాడు చదవకూడదు. ఇంకో రిపోర్టరు అధ్యక్షుడి ముందు తెరిచి చదవాలి. నన్ను పిలిచారు. వెళుతుంటే మెట్ల మలుపు దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు. "తమ్ముడూ, నోరు జారింది. రాత్రంతా నిద్రపోలేదు. ఈ ఒక్క వాక్యం నన్ను మింగేస్తుంది," అన్నాడు. ఇంకేమీ అడగలేదు. కళ్ళలో నీళ్ళున్నాయి.

అధ్యక్షుడి గదిలో నోటుబుక్కు తెరిచాను. నిదానం గీతలు ఎంత శుభ్రంగా ఉంటాయంటే, కొత్తగా చేరినవాళ్ళకు వాటినే చూపించి నేర్పేవాళ్ళు. ప్రతి గీతా నాతో మాట్లాడింది. నేను పేజీని వెలుతురుకేసి పట్టుకుని, కాసేపు చూసినట్టు చూసి, "గీత స్పష్టంగా లేదండీ," అన్నాను.

వాక్యం తీసేశారు. నిదానానికి ఉత్తరువు వచ్చింది. ప్రసంగ వేగాన్ని అందుకోలేని రిపోర్టరు అని అందులో రాశారు. రెండేళ్ళ సీనియారిటీ పోయింది. ఆ ఉత్తరువు చదివిన ఆఫీసువాళ్ళు నిదానం అనే పేరు పెట్టి నవ్వుకున్నారు. మొదట్లో అతను పలికేవాడు కాదు. తరువాత పలకడం మొదలుపెట్టాడు. ఆ సీనియారిటీ మీదే నేను చీఫ్‌నయ్యాను.

"ఆ వాక్యం ఉండి ఉంటే నేనిక్కడిదాకా వచ్చేవాణ్ణి కాదు," అంటున్నాడు పెద్దాయన. "వచ్చాక బడులకు గదులు కట్టాను. ఆసుపత్రుల్లో మంచాలు వేయించాను. నువ్వు ఆనాడు చేసినదానివల్ల ఎవరికి నష్టం జరిగింది చెప్పు."

"ఒకాయనకు జరిగింది సార్."

"ఎవరికి?"

నేను ఆయన మొహంలోకి చూశాను. ఎన్నడూ తిన్నగా చూడని మొహాన్ని ఇప్పుడు తల ఎత్తి చూశాను. ఆయన నిజంగానే వెతుక్కుంటున్నాడు. ఎవరా అని. దొరకలేదు. ఆయన కూర్చున్నది ఆ మనిషి కుర్చీలోనే.

అప్పటిదాకా నాలో మిగిలి ఉన్నదేదో అక్కడ తెగింది. మాట తప్పినందుకు కాదు. మాట తప్పేవాళ్ళను రోజూ రాస్తూనే ఉన్నాను. కానీ ఎవరి మీద కాలు పెట్టి ఎక్కాడో కూడా గుర్తు లేకుండా ఎక్కిన మనిషిని పట్టుకుని, మా పిల్లలకు నేను ఇరవై ఏళ్ళపాటు ఇలా బతకండర్రా అని చూపించాను.

"సంతకం నేను పెట్టలేను సార్. సోమవారం మీరన్నదే ఉంటుంది," అన్నాను.

ఆయన కోప్పడలేదు. లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీలాంటివాళ్ళు ఉండాలి తమ్ముడూ. కానీ ఇవాళ కాదు. రిపోర్టరు తప్పు రాశాడని అధ్యక్షుడికి కాగితం పంపిస్తున్నాను. మూడున్నరకి నీ నోటుబుక్కు ఆయన బల్ల మీద ఉండాలి. చదివేది నువ్వు కాదు, నియమం నీకు తెలుసు." తలుపు తీసి కార్యదర్శిని అడిగాడు. "ఈయన తరువాత ఇక్కడ ఎవరు?"

"నిదానం అంటారండీ," అన్నాడు కార్యదర్శి.

"పేరు బావుంది. ఆయనతో నేను ఒకసారి మాట్లాడాలేమో చూడు," అంటూ మెట్లు దిగాడు.

గోడగడియారంలో రెండూ యాభై. నేను గదిలో ఆ చివర్నుంచి ఈ చివరకు నడవడం మొదలుపెట్టాను. కిటికీ తీశాను. మూశాను. కింద గేటు దగ్గర జనం కనిపిస్తున్నారు, చెల్లెలు వచ్చిందో లేదో తెలియలేదు. దేవుడా అని కళ్ళు మూసుకున్నాను. మనసు నిలవక తెరిచాను.

నిదానానికి ఏమీ తెలియదు. నేను నిజంగానే చదవలేకపోయాననుకున్నాడు. ఆ ఉత్తరువు వచ్చిన రోజు నేను తల వంచుకుని కూర్చుంటే, "నీ తప్పేముందయ్యా, నా చెయ్యే బాగోలేదేమో," అని నన్నే ఓదార్చాడు. అప్పట్నుంచి గీతలు ఇంతింత లావుగా రాస్తాడు. ఒక నోటుబుక్కు పట్టేచోట రెండు ఖర్చు చేస్తాడని స్టోరువాళ్ళు విసుక్కుంటారు కూడా.

ఇప్పుడు నేను నోరు మూసుకుంటే చాలు. అతను మంచివాడు. అధ్యక్షుడి ముందు నా నోటుబుక్కు తెరిచి ఉన్నది ఉన్నట్టు చదువుతాడు. మాట నిలుస్తుంది. చెల్లెలికి కాగితం దక్కుతుంది. ఆ రిబ్బన్ల పిల్ల వెళ్ళే తలుపుకు తాళం పడుతుంది. ఆ తరువాత రేపో, వచ్చే వారమో, తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పుకోవచ్చు. ముందే చెబితే? స్పష్టంగా లేదండీ అని అతనూ అనవచ్చు. అంటే తప్పు పట్టడానికి నాకు నోరెక్కడిది?

రేపు చెబుదాం అని గట్టిగానే అనుకున్నాను. మంచి పని కోసమే కదా, ఒక్క ఇవాళ్టికే కదా అని కూడా అనుకున్నాను. అనుకుంటుంటే ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టాను. గొంతును బట్టి మనిషిని చెప్పడం నా విద్య. ఇప్పుడే మెట్లు దిగి వెళ్ళిన మనిషి గొంతు అది. సోమవారం మనసారా అన్న మనిషి బుధవారానికి ఎలా మారతాడో, లోపల కూర్చుని చూసినట్టుంది నాకు.

మూడూ పదికి నిదానం వచ్చాడు. ఒక చేతిలో టీ గ్లాసు, దాని మీద మూతగా ఒక బిస్కట్టు.

"కింద అందరూ నా వంక అదోలా చూస్తున్నారయ్యా. కార్యదర్శి నమస్కారం పెట్టాడు. అతను నాకు నమస్కారం పెట్టడమేంటి? నేను చచ్చిపోయాననుకున్నాడా?"

"కూర్చో," అన్నాను.

"ముందు టీ తాగు. చల్లారిపోతుంది."

"పెద్దాయన వచ్చి వెళ్ళాడు. రిపోర్టరు తప్పు రాశాడని కాగితం పెడుతున్నాడు. మూడున్నరకి నా నోటుబుక్కు నువ్వు చదవాలి."

"చదువుతాను. దానికి మొహం అలా పెట్టుకోవడం దేనికి? నీ గీతలు కోడి కెలికినట్టు ఉంటాయి గానీ నాకు అలవాటే."

"చదవబోయే ముందు ఇది చదువు."

నోటితో చెప్పలేకపోయాను. అతను రాకముందే తెల్లకాగితం మీద మామూలు అక్షరాలతో రాసి పెట్టుకున్నాను. మిల్లు జీతాల చర్చ, సంవత్సరం, పేజీ నంబరు. ఆ కింద మూడు వాక్యాలు. *ఆ పేజీలో ప్రతి గీతా స్పష్టంగా ఉంది. నేను ప్రతి మాటా చదవగలిగాను. చదవలేకపోయానని అధ్యక్షుడికి అబద్ధం చెప్పాను.*

నిదానం నిలబడే చదివాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ చదివాడు. మూడోసారి చదువుతున్నప్పుడు అతని కుడిచెయ్యి గాలిలోనే సన్నగా కదిలింది. ఆనాటి ఆ వాక్యాన్ని గీతల్లో మళ్ళీ రాసుకుంటున్నట్టు. ఆ చేతిని ఎత్తి, కొత్తగా చూస్తున్నట్టు, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

నేను ఏదైనా అంటాడని ఎదురుచూశాను. తిడితే బావుండునని ఉంది.

"సంతకం లేదు," అన్నాడు.

పెన్ను తీసుకున్నాను. సంతకం పెట్టాను.

"తేదీ?"

వేశాను. టైము కూడా వేశాను. మూడూ ఇరవై రెండు.

బల్ల మీది గంట రెండుసార్లు మోగింది. అధ్యక్షుడి గది నుంచి పిలుపు. వరండాలో అడుగుల చప్పుడు దగ్గరపడుతోంది. గాజు తలుపు వెనక కార్యదర్శి నీడ వచ్చి ఆగింది.

నిదానం నా నోటుబుక్కును చంకలో పెట్టుకున్నాడు. "ఎన్నో పేజీ?" అని అడిగాడు, నా వంక చూడకుండానే.

"నలభై మూడు."

నా కాగితాన్ని మాత్రం నాలుగు మడతలు పెట్టి, జేబు గుండీ విప్పి, లోపల పెట్టి, గుండీ మళ్ళీ పెట్టుకున్నాడు.